ఏడుపు ఆగిన రోజు చేతిలో ఏ సీసా ఉంటే అదే మందు

మా బుజ్జిది నవంబర్ 20న పుట్టింది. పురుడు గుంటూరులో, ఆ తరవాత మూడు నెలలూ తెనాలిలో మా అత్తారింట్లో. నాకు ఆఫీసు వాళ్ళు పది రోజులు సెలవిచ్చి మిగతాది వర్క్ ఫ్రమ్ హోమ్ చేసుకోమన్నారు, అంటే మావయ్యగారి వసారాలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒళ్ళో లాప్‌టాప్, తల మీద దండెం నిండా ఆరేసిన పొత్తిగుడ్డలు. మొదటి మూడు వారాలు హాయిగా గడిచిపోయాయి. తాగేది, పడుకునేది, తడిపేది, మళ్ళీ తాగేది. హైదరాబాద్ నుంచి ఫ్రెండ్స్ ఫోన్ చేసి నిద్రలుంటున్నాయా రా అనడిగితే మాది చాలా బుద్ధిమంతురాలు రా, అసలు ఏడవదు అని గొప్పగా చెప్పేవాణ్ణి. ఆ మాట నోట్లోంచి రాకుండా ఉండాల్సింది.

21వ రోజు బారసాల చేశాం. అరవై మంది వచ్చారు, అరవై మందీ ఎత్తుకున్నారు. మర్నాడు సాయంత్రం ఆరున్నరకి, పాలు తాగి అప్పటిదాకా బానే ఉన్న పిల్ల, ఉన్నట్టుండి మొహం కందగడ్డలా చేసుకుని, పిడికిళ్ళు బిగించి, కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది. పాలిస్తే వద్దంటుంది, వదిలేస్తే కావాలంటుంది. ఎత్తుకుంటే వీపు విల్లులా వెనక్కి వంచేస్తుంది. పొట్ట చూస్తే గట్టిగా ఉబ్బి వేలితో తడితే డప్పులా మోగుతోంది. మధ్యలో ఓ రెండుసార్లు ఆ చిన్న ఒంట్లోంచి పెద్దమనిషి వదిలినంత గ్యాస్. తొమ్మిదిన్నరకి, ఎవరో స్విచ్ ఆపేసినట్టు ఆపేసి పడుకుంది. మేం నలుగురం మంచం చుట్టూ నిలబడి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నాం.

దిష్టి అన్నారు అత్తయ్యగారు. మరి బారసాల మర్నాడే కదా, ఇంకేం కావాలి రుజువు. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తే అస్సలు ఘాటు రాలేదట, అంటే అంత దిష్టి ఉందన్నమాట. నాకైతే దగ్గొచ్చింది కానీ అల్లుణ్ణి కదా, ఆపుకున్నా. రెండో రోజు మళ్ళీ ఆరున్నరకి మొదలు. మూడో రోజు కూడా. ఎదురింటావిడ వచ్చి పక్షి దోషం అంది. మా ఆవిడ మాత్రం ఫోన్‌లో వెతికి కోలిక్ అంది. ఆ రాత్రి రెండింటికి నేనూ చదివాను. 1954లో వెసెల్ అనే అమెరికన్ పిల్లల డాక్టరు పెట్టిన లెక్క ఒకటుంది, రోజుకి మూడు గంటలకి పైగా, వారానికి మూడు రోజులకి పైగా, మూడు వారాలకి పైగా ఏడిస్తే కోలిక్ అట. అంటే ఇది కోలిక్ అని తేలడానికే మూడు వారాలు ఏడవాలి అన్నమాట! ఇప్పటి డాక్టర్లు ఆ మూడు వారాల షరతు పట్టుకుని కూచోరులెండి, కానీ ఆ రాత్రి నాకు ఆ లెక్క చూసి ఏడుపొచ్చింది.

అదే రాత్రి ఇంకోటి కూడా చదివా, అది చదివాక బారసాల సంగతి అర్థమైంది. 1962లో బ్రేజెల్టన్ అనే ఆయన ఆరోగ్యంగా ఉన్న పిల్లలు రోజుకి ఎంతసేపు ఏడుస్తున్నారో తల్లుల చేత డైరీ రాయించాడు. రెండు వారాల వయసులో గంటా ముప్పావు, అక్కణ్ణుంచి పెరుగుతూ ఆరో వారానికి రెండు ముప్పావు గంటలు, ఆ తరవాత తగ్గుముఖం. ఏ జబ్బూ లేని పిల్లల లెక్క ఇది. కోలిక్ కూడా అదే దారిలో వెళ్తుంది, రెండు మూడు వారాలకి మొదలై, ఆరు వారాలప్పుడు పీక్‌కి వెళ్ళి, మూడు నాలుగు నెలలకి పోతుంది. మనవాళ్ళు బారసాల చేసేది 21వ రోజున. ఏడుపు పెరిగేదీ సరిగ్గా అప్పుడే. తరతరాలుగా పాపం ఆ వచ్చిన చుట్టాల కళ్ళు అందుకే చెడ్డవయ్యాయి.

ఈ విషయం అత్తయ్యగారికి చెప్పలేదు లెండి.

ఇక మందుల సంగతి. మా వీధిలో ఎవర్నడిగినా ఒక గ్యారంటీ వైద్యం ఉంది, విచిత్రం ఏంటంటే ఏ ఇద్దరిదీ ఒకటి కాదు. ఇంగువ నీళ్ళలో రంగరించి బొడ్డు చుట్టూ రాయమని ఒకరు. తమలపాకుకి ఆముదం పూసి దీపం సెగ మీద వెచ్చ చేసి పొట్ట మీద వెయ్యమని మా అత్తయ్యగారు. వాము వేయించి మూట కట్టి కాపడం పెట్టమని పనమ్మాయి. గ్రైప్ వాటర్ తాగించండ్రా, నిన్ను దాంతోనే పెంచా అని ఫోన్‌లో మా అమ్మ. ఆ గ్రైప్ వాటర్ పుట్టింది 1851లో, ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌లో, విలియం వుడ్‌వర్డ్ అనే మందుల షాపాయన చేతిలో. అక్కడి చిత్తడి నేలల్లో జ్వరాలొచ్చిన పిల్లలకి ఇస్తున్న మందు చూసి, సోయికూర గింజల నూనె, సోడా ఉప్పు, పంచదార, వీటికి తోడు కాస్త ఆల్కహాల్ కలిపి చేశాడు. తరవాత తరవాత ఆల్కహాల్ తీసేశారనుకోండి. మా అమ్మకి ఇది చెబితే అందుకేనేమో నువ్వు హాయిగా పడుకునేవాడివి అని నవ్వేసింది.

అసలు సమస్య అమ్మమ్మగారితో వచ్చింది, అంటే మా ఆవిడ వాళ్ళ అమ్మమ్మ, 84 ఏళ్ళు. ఆవిడ బీరువాలోంచి వెండి ఉగ్గుగిన్నె తీసి చింతపండుతో తోమించి పెట్టారు. ఉగ్గు పోస్తా, వస రాస్తా అని. వస కొమ్ముని ఆముదం దీపం మీద కాల్చి, సానరాయి మీద తల్లిపాలతో అరగదీసి నాలిక మీద రాస్తే గ్యాస్ పోవడమే కాదు మాటలు కూడా తొందరగా వస్తాయి, వసపిట్టలా వాగుతుంది చూడు అన్నారు. ఆవిడ తొమ్మిది మందిని కని అందర్నీ అలాగే పెంచారు, ఆవిడ ముందు నేనేం మాట్లాడను. మా ఆవిడే డాక్టర్ని అడిగాకే అమ్మమ్మా అంది.

పిల్లల డాక్టరు ఊళ్ళోనే, పెద్దాయన, ఎక్కువ మాట్లాడరు. ముందు పిల్ల బరువు చూశారు. పుట్టినప్పుడు 2.9 కిలోలు, ఆ రోజుకి 3.7. పొట్ట నొక్కారు, గజ్జల్లో ఉబ్బు ఏమన్నా ఉందా అని డైపర్ విప్పి చూశారు, చెవులు చూశారు. తరవాత మా ఆవిణ్ణి అక్కడే పాలివ్వమన్నారు, నర్సమ్మ దగ్గర కూచుంది. పిల్ల తాగుతుంటే గుక్కకోసారి టక్ టక్ మని చప్పుడు వస్తోంది, మేం అది ముద్దుగా ఉందని వీడియో కూడా తీసుకున్నాం. అది ముద్దు కాదమ్మా, గాలి మింగుతోంది అంది నర్సమ్మ. చనుమొన ఒక్కటే నోట్లో పెట్టుకుంటోంది, దాని చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలా వరకు నోట్లోకి వెళ్ళాలి, కింది పెదవి బయటికి మడిచినట్టుండాలి, గడ్డం రొమ్ముకి ఆనాలి. పిల్ల నోరు పెద్దగా తెరిచిందాకా ఆగి, అప్పుడు పిల్లని రొమ్ము దగ్గరికి తేవాలి గానీ రొమ్ముని పిల్ల దగ్గరికి వంచకూడదట. పది నిమిషాలు దగ్గరుండి నేర్పించింది. నన్నడిగితే మొత్తం మూడు నెలల్లో పనికొచ్చిన మొదటి వైద్యం అదే, దానికి సీసా లేదు, బిల్లు కూడా వెయ్యలేదు.

గ్యాస్ వల్లే ఏడుస్తోందా డాక్టర్ గారూ అనడిగా. అయుండచ్చు, కానీ ఎక్కువ భాగం తిరగేసి బాబూ, ఏడుస్తూ గాలి మింగుతుంది, ఆ గాలే మీకు కింద నుంచి వినిపిస్తుంది, అది వినిపించింది కాబట్టి అదే కారణం అనుకుంటారు అన్నారు. అసలు కారణం ఒక్కటని ఇంకా ఎవరూ తేల్చలేదట. చుక్కల మందు రాయమని నేనే అడిగా, ఆయన సిమెథికోన్ చుక్కలు రాస్తూనే ఇది కడుపులో బుడగల్ని పగలగొడుతుంది, ఒంట్లోకి ఇంకదు, హాని లేదు, కానీ ఉత్త నీళ్ళతో పోల్చి చూసినప్పుడు కోలిక్‌కి దీనివల్ల పెద్ద తేడా కనపడలేదు, మీ తృప్తికి రాస్తున్నా అన్నారు. ఆ నిజాయితీకి దండం పెట్టాలనిపించింది. ఒక మంచి బాక్టీరియా చుక్కలు, రియుటెరి అంటారు, తల్లిపాలు తాగే పిల్లల్లో ఏడుపు కొంత తగ్గిస్తాయని పరిశోధనలున్నాయి, కావాలంటే ప్రయత్నిద్దాం అన్నారు. వద్దని గట్టిగా చెప్పింది మాత్రం డైసైక్లోమిన్ ఉన్న కడుపునొప్పి చుక్కలు, ఆరు నెలల్లోపు పిల్లలకి ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉందట. ఇది ఎందుకు చెప్తున్నానంటే ఆ ముందు రోజే ఒక మందుల షాపులో అడక్కుండానే నా చేతిలో పెట్టబోయింది అదే. వేరే పేరుతో ఉంటుంది, సీసా వెనక చిన్నక్షరాలు చదివి తీసుకోండి.

వస గురించి అడిగితే వద్దన్నారు. అందులో బీటా అసరోన్ అనే హాని చేసే పదార్థం ఉంటుంది, అమెరికా వాళ్ళు 1968లోనే తిండి పదార్థాల్లో వస వాడకూడదని నిషేధించారు. ఆర్నెల్ల దాకా ఉగ్గు వద్దు, తేనె ఏడాది దాకా నాలిక్కి రాయద్దు, నీళ్ళు కూడా పట్టద్దు. దొడ్డికి రాకపోతే తమలపాకు కాడకి ఆముదం రాసి అక్కడ పెట్టడం, సబ్బుముక్క పెట్టడం అసలే వద్దు. తల్లిపాలు మాత్రమే తాగే పిల్లలు కాస్త ఎదిగాక వారం దాకా కూడా దొడ్డికి వెళ్ళకపోవచ్చు, వచ్చినప్పుడు మెత్తగా వస్తే చాలు. సాంబ్రాణి పొగ పిల్లకి పట్టద్దు. బొడ్డు ఊడి ఆరిపోయింది కాబట్టి పొట్ట మీద తమలపాకు వేసుకోండి, మీ చేతి మీద వేసుకుని వేడి చూసుకున్నాకే వెయ్యండి, సెగ ఎక్కువైతే చర్మం కాలుతుంది. ఈ చివరి మాటకి అత్తయ్యగారి మొహం చూడాలి, డిస్టింక్షన్ వచ్చినట్టు.

అమ్మమ్మగారు రెండ్రోజులు మాతో మాట్లాడలేదు. ఆ ఉగ్గుగిన్నె ఊరికే పోనివ్వడం ఎందుకని మా ఆవిడ రోజూ వేసే విటమిన్ డి చుక్కల్ని అందులో నాలుగు చుక్కల తల్లిపాలతో కలిపి అమ్మమ్మగారి చేతే పట్టించడం మొదలుపెట్టింది. రాజీ కుదిరింది.

మా ఆవిడ తిండి గురించి చెప్పకపోతే అన్యాయం. బాలింత పథ్యం అని బీరకాయ, కారప్పొడి, వెల్లుల్లి, నెయ్యి, ఇవే రోజూ. పప్పు వాతం, వంకాయ వాతం, గోంగూర సరేసరి. ఒకరోజు నేను బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు తెచ్చుకుంటే తను సగం తిన్నది, సగం. ఆ సాయంత్రం పిల్ల ఏడ్చింది, అంతకు ముందు 9 సాయంత్రాలు ఏడ్చినట్టే. కానీ ఆ రోజు ఏడుపుకి మాత్రం శనగపిండి కారణం, దాని మీద వారం రోజులు విచారణ. అమ్మ కడుపులో గ్యాస్ పాలల్లోకి ఎలా వెళ్తుందండీ, పేగుల్లో పుట్టిన గాలి పేగుల్లోంచే పోతుంది. కొద్దిమంది పిల్లలకి తల్లి తాగిన ఆవుపాల ప్రోటీన్ పడకపోవడం ఉంటుంది, వాళ్ళకి దొడ్లో జిగురూ రక్తపు చారలూ, దద్దుర్లూ, బరువు పెరగకపోవడం లాంటివి కూడా ఉంటాయి, అది డాక్టరు చూసి చెప్పాల్సింది. మామూలు కోలిక్‌కి తల్లిని పస్తు పెట్టినంత పని చేసి, పైగా నువ్వు తిన్నదే బిడ్డకి పడలేదు అని అంటుంటే, రాత్రి గోడవైపు తిరిగి ఏడ్చేది తను. ఆ ఏడుపుకి ఎవరూ తమలపాకు వెయ్యలేదు.

ఇక నా వంతు. పాలివ్వడం నా వల్ల కాదు కాబట్టి త్రేన్పు డిపార్ట్‌మెంట్ నాకిచ్చారు. భుజం మీద వేసుకుని వీపు తట్టడం అందరికీ తెలుసు, మా పిల్లకి అది పని చేసేది కాదు, కక్కి నా చొక్కా పాడు చేసేది అంతే. నాకు కుదిరింది కూచోబెట్టే పద్ధతి. ఒళ్ళో పక్కకి తిప్పి కూచోబెట్టి, నా ఎడం అరచేయి తన ఛాతీ మీద పెట్టి, బొటనవేలూ చూపుడువేలూ దవడకి రెండువైపులా వచ్చేట్టు, గొంతుకి తగలకుండా, కాస్త ముందుకి వంచేవాణ్ణి. కుడిచేత్తో నడుం దగ్గర్నుంచి పైకి, కొట్టడం కాదు, రాస్తున్నట్టు, నాలుగుసార్లు రాసి ఒకసారి మెల్లగా తట్టడం. రెండు మూడు నిమిషాలకి ఆ చిన్న నోట్లోంచి భోజనాలయ్యాక పెళ్ళిపెద్ద తేన్చినట్టు ఒక శబ్దం వచ్చేది, ఆఫీసులో ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా నాకంత ఆనందం కలగలేదు. ఒక పక్క తాగడం అయ్యాక ఒకసారి, రెండో పక్క అయ్యాక ఒకసారి. అయిదు నిమిషాల్లో రాకపోతే వదిలెయ్యడమే, ప్రతిసారీ రావాలని రూలేం లేదు.

కానీ ఆరున్నర ఏడుపుకి త్రేన్పు చాలదు. దానికి అమ్మమ్మగారే మందు, వస కాదు, ఆవిడ కాళ్ళు. గోడకి ఆనుకుని కింద కాళ్ళు చాపుకుని కూచుని, ఆ చాపిన కాళ్ళ మీద పిల్లని బోర్లా పడుకోబెట్టుకుని, పొట్ట తొడల మీద ఒత్తుకునేలా, అరచేయి దోసిలిలా వంచి వీపు మీద తడుతూ, మోకాళ్ళు అటూ ఇటూ కొద్దిగా ఊపుతూ, నోటితో పాటా కాదు మాటా కాదు ఒక హుమ్‌మ్ అనే చప్పుడు చేసేవారు. ఆ చప్పుడు ఎక్కడా తెగేది కాదు, ఊపిరి తీసుకునేటప్పుడు కూడా. పది నిమిషాల్లో ఏడుపు మూలుగులోకి దిగేది. అదే పని నిలబడి చేసే పద్ధతి డాక్టరు నాకు చూపించారు, పిల్ల తల నా మోచేతి మడతలో, బుగ్గ బయటివైపు, ముక్కూ నోరూ తెరిపిగా, పొట్ట నా ముంజేతి మీద, కాళ్ళు మణికట్టుకి చెరో పక్క వేళ్ళాడుతూ, చెట్టుకొమ్మ మీద పడుకున్న చిరుతపులిలా. రెండో చెయ్యి వీపు మీద. చెయ్యి లాగేస్తుంది, రోజుకి గంట చేస్తే జిమ్ అక్కర్లేదు. నిద్రపోతే మాత్రం అలాగే వదలకుండా వెల్లకిలా పడుకోబెట్టాలి, బోర్లా పడుకోబెట్టి నిద్రపుచ్చకూడదు, అది నిజంగా ప్రాణాంతకం.

పడుకోబెట్టడంలోనే అసలు విద్య ఉంది. చేతుల్లో నిద్రపోయి, మంచం తగలగానే లేచి మళ్ళీ రాగం. దీనికో లెక్క దొరికింది, 2022లో జపాన్‌లో రికెన్ సంస్థ వాళ్ళు చేసిన పని. ఏడ్చే పిల్లని ఎత్తుకుని ఆగకుండా, కుదుపులేకుండా 5 నిమిషాలు నడవాలి, నిద్రపోయాక వెంటనే దించకుండా 5 నుంచి 8 నిమిషాలు ఎత్తుకునే కూచోవాలి, అప్పుడు దించాలి. మా అత్తారి వసారా ఈ గోడ నుంచి ఆ గోడకి 14 అడుగులు పడుతుంది, అటూ ఇటూ పోతూ ఫోన్‌లో టైమర్ పెట్టుకుని నడిచేవాణ్ణి. కూచున్నాక ఆ 8 నిమిషాలే కష్టం, దోమ కుడితే కూడా కదలకూడదు. పదిసార్లలో ఆరేడుసార్లు పని చేసింది, అది చాలు.

అన్నింటికంటే తమాషా పిండి మర. సంక్రాంతి ముందు వారం, పిల్లకి ఏడు వారాలు, ఏడుపు దాని జీవితంలోకెల్లా గట్టిగా ఉన్న రోజులు. వీధి చివర పిండి మర పొద్దున్నించి రాత్రి దాకా ఆగట్లేదు, అరిసెలకి తడిబియ్యం గిన్నెలతో ఆడవాళ్ళు వరసలో. నేను పిల్లని భుజాన వేసుకుని ఊరికే ఆవైపు నడిచా, మరకి ఇంకా పాతిక గజాలుండగానే ఏడుపు ఆగిపోయింది. మెడ తిప్పి వింది, రెండు కళ్ళూ పెద్దవి చేసి వింది, ఆ బెల్టు తిరిగే గుర్‌ర్ చప్పుడు. రోడ్డుకి ఇవతల కిళ్ళీ కొట్టు బల్ల మీద కూచున్నా, పది నిమిషాల్లో నిద్ర. దగ్గరికి వెళ్ళలేదు, పిండి ధూళి, పైగా అంత చప్పుడు చెవులకి మంచిది కాదు. ఆ తరవాత నాలుగు సాయంత్రాలు అదే నా డ్యూటీ, వరసలో ఉన్న ఆడవాళ్ళు అల్లుడుగారొచ్చారు అని నవ్వేవాళ్ళు. పండగ అయ్యాక మర నెమ్మదించింది, బాత్రూంలో బకెట్లోకి పంపు తిప్పి తలుపు బయట నిలబడేవాణ్ణి, తరవాత ఫోన్‌లో అలాంటి చప్పుడే చిన్న వాల్యూంలో పెట్టి దూరంగా ఉంచేవాళ్ళం. కడుపులో తొమ్మిది నెలలూ రక్తం పారే హోరులో పెరిగిన పిల్లకి మా నిశ్శబ్దమే భయం కాబోలు.

ఒక రాత్రి గురించి కూడా రాస్తా, రాయకుండా ఉందామనుకున్నా. జనవరి మొదటి వారం, అర్ధరాత్రి దాటి రెండు. ఆ రోజు సాయంత్రపు కోటా అయిపోయాక మళ్ళీ లేచింది. పొద్దున్న నాకు క్లయింట్ కాల్. గంటన్నర నడిచాను. ఒక క్షణంలో నా చేతులు పిల్ల చంకల కింద బిగుసుకున్నాయి, నేను బిగించానని నాకే తెలియలేదు, పళ్ళు కొరుకుతున్నానని తెలిసి ఆగాను. డాక్టరు చెప్పిన మాట ఒకటి ఉంది, మీకు కోపం వస్తే పిల్లని వెల్లకిలా మంచం మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి పది నిమిషాలు బయటికి పోండి, ఏడిస్తే ఏం కాదు, కుదిపితే మెదడులో రక్తనాళాలు తెగుతాయి అని. పెట్టేసి అరుగు మీదకి వచ్చి కూచున్నా. మావయ్యగారు లేచి వచ్చారు, నా వైపు చూశారు, ఏం అనలేదు. లోపలికెళ్ళి పిల్లని ఎత్తుకున్నారు. పొద్దున్నే ఆయనే ఒక కాగితం మీద గీతలు కొట్టి టైమ్ టేబుల్ రాశారు, రిటైర్డ్ హెడ్మాస్టరు మరి. ఆరున్నర నుంచి ఏడుంబావు అమ్మమ్మ, ఏడుంబావు నుంచి ఎనిమిది అల్లుడు, ఎనిమిది నుంచి తొమ్మిదిం పావు అత్తయ్య, ఆ తరవాత తను. మా ఆవిడ పేరు అందులో లేదు. దాని ఎదురుగా భోజనం, నిద్ర అని రాశారు. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించాం.

అన్ని ఏడుపులూ కోలిక్ కాదు, అది కూడా ఒకసారి తెలిసింది. ఒక మధ్యాహ్నం, దాని టైమ్ కాని టైమ్‌లో, ఆగకుండా ఒకే స్థాయిలో ఏడుస్తోంది. డైపర్ చూశాం, చంకలు చూశాం, చివరికి మేజోడు విప్పితే కాలి చిటికెన వేలికి మా ఆవిడ తలవెంట్రుక ఒకటి చుట్టుకుపోయి వేలు ఎర్రగా ఉబ్బింది. వెంటనే తీసేశాం, అది లోతుగా దిగుంటే డాక్టరే తియ్యాల్సి వచ్చేది. అప్పట్నించీ ఏడిస్తే బట్టలన్నీ విప్పి వేళ్ళతో సహా చూడటం అలవాటు. మూడు నెలల్లోపు పిల్లకి 100.4 డిగ్రీలు దాటి జ్వరమొచ్చినా, వాంతి ఆకుపచ్చగా వచ్చినా, దొడ్లో రక్తం కనిపించినా, పాలు తాగడం మానేసి మగతగా పడున్నా, పొట్ట ఉబ్బి గట్టిపడి మెత్తబడకపోయినా, గజ్జల్లో గడ్డలా లేచినా ఇంగువలూ తమలపాకులూ అని కూచోకుండా ఏ వేళైనా సరే ఆసుపత్రికి వెళ్ళమని డాక్టరు మందుల చీటీ వెనకే రాసిచ్చారు. అది కూడా ఫ్రిజ్ మీదే.

ఫిబ్రవరి 20 దాటాక, అంటే సరిగ్గా మూడు నెలలకి, ఒక సాయంత్రం ఏడైంది, ఏడున్నరైంది, అందరం మా మా డ్యూటీలకి సిద్ధంగా ఉన్నాం, పిల్ల ఫ్యాన్ చూసి నవ్వుకుంటోంది. మర్నాడూ అంతే. అప్పుడు మొదలైంది ఇంట్లో గొడవ, ఎవరి వల్ల తగ్గింది అని. ఆ వారం తమలపాకు మానకుండా వేశా అన్నారు అత్తయ్యగారు. శనివారం ఆంజనేయస్వామి గుళ్ళో తాయెత్తు కట్టించా అన్నారు అమ్మమ్మగారు. మా అమ్మ నాకు తెలియకుండా గ్రైప్ వాటర్ పంపించిందట, అది సీలు కూడా విప్పలేదు, అయినా క్రెడిట్ తీసుకుంది. మా ఆవిడ రియుటెరి చుక్కలంది. నేను ముంజెయ్యి అన్నా. మా వీధిలో ఒక్కొక్కరికీ ఒక్కో గ్యారంటీ వైద్యం ఎలా వచ్చిందో నాకు ఆ రోజు తెలిసింది, మూడు నెలలకి అదే పోతుంది, పోయిన రోజు ఎవరి చేతిలో ఏ సీసా ఉంటే ఆ సీసాకి పేరు. ఆ పేరు ఇంకో ముప్పై ఏళ్ళు చెలామణీ.

ఇప్పుడు హైదరాబాద్ వచ్చేశాం. గోడ అవతలి ఫ్లాట్ వాళ్ళకి నెల కింద బాబు పుట్టాడు. మొన్న సాయంత్రం ఆరు నలభైకి గోడలోంచి వినిపించింది, ఆ రాగం ఎక్కడున్నా గుర్తుపడతా. తలుపు కొట్టి ఒక పావుగంట నాకివ్వండి అని బాబుని ముంజేతి మీద వేసుకుని వాళ్ళ కారిడార్‌లో నడుస్తున్నా. వాళ్ళ నాయనమ్మ వెనకే వచ్చి మీ పాపకి ఏం వాడారు బాబూ, తగ్గిందటగా అనడిగింది. నేను నోరు తెరిచేలోపే మా గుమ్మంలోంచి మా ఆవిడ అరిచింది, "తమలపాకు అని మాత్రం చెప్పకు!"